పెద్దమునియప్ప ఇరవైతొమ్మిదో బొమ్మ

బెంగళూరులో కట్టే ప్రతి భవనానికీ ఒక దిష్టిబొమ్మ ఉంటుంది. కట్టించేవాడు ఎంత ఉన్నవాడైనా, ప్లాను గీసినవాడు ఎంత చదువుకున్నవాడైనా సరే, పునాది లేచిన వారానికి గడ్డి కుక్కిన చొక్కా, దాని మీద కుండ తలకాయ, కుండకు సున్నపు కళ్లు వచ్చి వేలాడతాయి. ఇప్పుడు ఆ మాత్రం శ్రమ కూడా లేదు. నాలుక బయటపెట్టిన రాక్షసుడి మొహాన్ని రేకు మీద అచ్చువేసి హార్డ్‌వేర్ అంగళ్లలో అమ్ముతున్నారు. మేకు కొట్టి తగిలిస్తే పని అయిపోయింది.

ఆ రేకు మొహాలంటే పెద్దమునియప్పకు చిరాకు. "వాడు ఎవుర్నీ చూసి నాలుక పెట్టలేదప్పా," అంటాడు. "మిషను పెట్టమనింది, పెట్టినాడు."

పెద్దమునియప్పకు యాభైఎనిమిదేళ్లు. ఉండేది హొసకోటె. తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ముప్పై ఏళ్లు కమ్మి పని చేశాడు. స్లాబులకూ స్తంభాలకూ ఇనుప కడ్డీలు కోసి, వంచి, సన్న తీగతో ముళ్లు బిగించే పని అది. ఏడేళ్ల కిందట ఒక కడ్డీల కట్ట జారి కుడిచేతి రెండు వేళ్ల మీద పడింది. వేళ్లు మిగిలాయి, పట్టు పోయింది. అప్పటినుంచి కట్టే చోట కడ్డీల యార్డుకు కాపలా. వారమంతా సైటులోనే రేకుల గదిలో పడుకుంటాడు. ఆదివారం హొసకోటెకు పోయి భార్య గంగమ్మ చేతి రాగిముద్ద తిని, సోమవారం పొద్దున్నే బస్సెక్కుతాడు.

జీతమొచ్చే పని అది. జీతం రాని పని ఇంకొకటి ఉంది. పనిచేసిన ప్రతి భవనానికీ తన చేత్తో ఒక దిష్టిబొమ్మ కట్టాడు. ఇప్పటికి ఇరవైఎనిమిది. వాటిని కళ అని ఆయన ఎప్పుడూ అనలేదు, ఎవరూ అనలేదు. "ఏం తాతా, పనికిరాని పని పెట్టుకున్యావు మళ్లీ," అనేవాళ్లు మాత్రం ప్రతి సైటులోనూ ఉంటారు.

పని మొదలయ్యేది మొహం దగ్గర. మొహం కోసం ఆయన గుడి గోడలు చూడడు, రాక్షసులను ఊహించుకోడు. పొద్దున ఆరింటికి కూలీల అడ్డాలో నిలబడి, ఏ మేస్త్రీ స్కూటరు ఆగుతుందా అని మెడలు చాచే మనుషులను చూస్తాడు. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయే ఆడమనిషిని చూస్తాడు. వానకు చిరిగి సగం మొహమే మిగిలిన ఎన్నికల ఫ్లెక్సీని చూస్తాడు. ఇరవైమూడో బొమ్మకు దవడ ఒక మేస్త్రీది. కళ్లు మాత్రం ఆ మేస్త్రీ ఎదుట నిలబడి కూలి అడిగే మనిషివి. ఆ రెండూ ఒకే మొహంలో ఎట్లా ఇమిడాయో ఆయనకే తెలియదు. ఆ బొమ్మను చూసి పిల్లలు భయపడలేదు. పెద్దవాళ్లే తల తిప్పుకుని పోయారు.

మిగిలిపోయిన ఎనిమిది ఎంఎం కడ్డీ ముక్కలతో ఎముకలు. గోడల మూలల్లో పూతకు ముందు కొట్టే ఇనుప జాలీతో ఎద. సిమెంటు సంచులతో చర్మం. నైలాను తాడు పీచుతో జుట్టు. టైల్సు మధ్య సందు కోసం పెట్టే తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు వరసగా గుచ్చితే పళ్లు. ఎద లోపల మాత్రం ఆయన తనకు తానే పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. ఆ భవనం మీద పనిచేసే ప్రతి మనిషీ తనది ఏదో ఒకటి ఇవ్వాలి. తెగిన చెప్పు వారు, చొక్కా గుండీ, అరిగిపోయిన తాపీ పిడి, ఏదైనా సరే. దాన్ని జాలీకి తీగతో కట్టి, పైన పలచటి సిమెంటు పాలు పోస్తాడు. అప్పుడు చూసేవాళ్ల కన్ను మనుషుల మీద పడక బొమ్మ మీద పడుతుందట. ఇచ్చిన వస్తువును భవనం పూర్తయ్యేదాకా వెనక్కి తీయకూడదు. ఫోటోలాంటిది ఎవరైనా ఇస్తే మొహం లోపలివైపుకు తిప్పి కట్టాలి, అసలు మొహం మీద దిష్టి పడకుండా. గంగమ్మ చేతి గాజు పగిలిన ముక్క ప్రతి బొమ్మ గొంతు దగ్గరా ఉంటుంది. ఆమె ఏ సైటులోనూ ఇటుక మోయలేదు. "నేను వారమంతా ఈడ ఉంటే ఇంట్లో మోసేది అదే కదప్పా," అంటాడు అడిగితే.

భవనం పూర్తవుతుంది. గృహప్రవేశానికి ముందు రోజు ఎవడో ఒకడు కత్తితో తాడు కోస్తాడు. బొమ్మ కింద పడుతుంది. చెత్త మోసుకుపోయే కసువు లారీ వస్తుంది. ఇరవైఎనిమిది సార్లు అంతే జరిగింది. మొదట్లో ఆయన ఆ రోజున సైటులో ఉండేవాడు. తరువాత ఆ రోజుకు సెలవు పెట్టడం నేర్చుకున్నాడు.

ఇరవైతొమ్మిదోది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అంచున కడుతున్న తొమ్మిదంతస్తుల అపార్టుమెంటుది. రెండో అంతస్తు బాల్కనీకి, రోడ్డుకు ఎదురుగా, మనిషికి ఒకటిన్నర రెట్ల పొడవున వేలాడుతూ ఉంది. ఎందుకో ఈసారి చెయ్యి మాట విన్నది. పట్టులేని వేళ్లకు బదులు తీగ బిగించే కొక్కేన్ని మణికట్టుకు గుడ్డతో కట్టుకుని మూడు నెలలు చేశాడు. నుదురు దగ్గర మూడు మడతలు వచ్చాయి. రోజంతా ఎండలో నిలబడి, ఎవరో పేరు పిలిస్తే తల ఎత్తిన మనిషి నుదుటికి ఉండే మడతలు. అంత బాగా మళ్లీ చేయలేనని ఆయనకు తెలుసు. వేళ్లు ఏటికేడూ ఇంకొంచెం మొండికేస్తున్నాయి.

దాన్ని ఆశ చూసింది. ఆశ ఆ అపార్టుమెంటు క్లబ్ హౌస్‌ను లోపల అలంకరించే పని తీసుకున్న అమ్మాయి. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. తల మీద తెల్ల హెల్మెట్టుతో బొమ్మ కింద అరగంట నిలబడి, ఫోన్లో నలభై ఫోటోలు తీసుకుని, ఎవరు చేశారని అడుగుతూ యార్డులోకి వచ్చింది.

"అంకుల్, మీరేనా? సీరియస్లీ? ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకునేదానికి ఏముండాది పాపా. ఊరికే, సుమ్నే కట్టినా."

"దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటారు తెలుసా? గ్యాలరీల్లో దీనికి జనం లైన్ కడతారు."

"మిక్సు అంటే మాకు కాంక్రీటే పాపా," అన్నాడు ఆయన. ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది.

నవ్వి, చెప్పవలసింది చెప్పింది. ఈ బొమ్మను పారేయరు. క్లబ్ హౌస్ లాబీలో అద్దాల పెట్టెలో పెడతారు. యజమానులు ఒప్పుకున్నారు. కింద ఇత్తడి పలక మీద ఆయన పేరు ఉంటుంది.

"నా పేరా? ఏ బాసలో?"

"ఇంగ్లీష్, కన్నడ. కావాలంటే తెలుగులో కూడా."

"తెలుగు వద్దులే. మా ఆడది సదివింది కన్నడమే, నాలుగో క్లాసు దంకా. అది సదివితే చాలు."

"ఒక్కటే రిక్వెస్ట్ అంకుల్. ఇంక దేన్నీ ముట్టుకోకండి. ఒక్క దారం కూడా. హ్యాండోవర్‌కు ఇరవై రోజులే ఉంది."

ముప్పై ఏళ్లలో వందల టన్నుల ఇనుము వంచాడు పెద్దమునియప్ప. అదంతా కాంక్రీటు లోపల ఉంది. కమ్మి పనివాడు చేసిన పని కనబడితే అది తప్పు కింద లెక్క, సిమెంటు రాలిపోయిందని అర్థం. కనబడేట్టు ఆయన చేసింది ఇరవైఎనిమిది బొమ్మలు. అవీ కసువులో కలిశాయి. ఒక్కటి నిలుస్తుందట. ఆ రోజు యార్డులో కూర్చుని ఆయన మాటిమాటికీ బొమ్మ వైపు చూశాడు, ఎవరో చుట్టం వచ్చినట్టు.

వారం తిరక్కుండా మంగళవారం నాడు వెంకటేశ్ పడ్డాడు.

వెంకటేశ్‌ది మడకశిర దగ్గర పల్లె, ముప్పై రెండేళ్లు. బయటి గోడలకు పూత పెట్టేవాడు. నాలుగో అంతస్తు దగ్గర కట్టెలతో కట్టిన సారవ మీద నిలబడి ఉంటే కాళ్ల కింది చెక్క విరిగింది. పదకొండు మందికి మూడే రక్షణ బెల్టులు. కింద కట్టవలసిన వల జూన్ గాలికే చిరిగిపోయి, చిరిగిన చోట చిరిగినట్టే ఉంది. ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి ప్రాణం ఉంది. తుంటి విరిగింది, వెన్ను దెబ్బతింది. పెద్దాసుపత్రిలో నేల మీద చాప వేసి పడుకోబెట్టారు.

మరునాడు లేబరు కాంట్రాక్టరు నాగేంద్ర వచ్చి అందరినీ పిలిచి ఒకే మాట చెప్పాడు. "వెంకటేశ్ అనే వాడు నా రిజిస్టర్లో లేడు. పని అడుక్కుంటా వచ్చినాడు. చెప్పకుండా పైకి ఎక్కినాడు, పడినాడు. ఎవురన్నా అడిగితే ఇదే. ఇంగ పోయి పని చూసుకోండి."

ఎనిమిది నెలలు పనిచేసిన మనిషి ఒక్క పూటలో లేకుండా పోయాడు. ఇందులో మాయ ఏమీ లేదు. ఈ నగరంలో మేడలు కట్టే మనుషుల పేర్లు ఉండేది గేటు పాసు మీద మాత్రమే. ఆ పాసుకు మూడు నెలలకొకసారి రంగు మారుతుంది. మొదట ఆకుపచ్చ, తరువాత పసుపు, తరువాత నీలం. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది తిరిగి తీసుకుని కాంట్రాక్టరు చించేస్తాడు. ఎందుకు చించుతారో ఏ కూలీకీ ఎవరూ చెప్పరు. అది ఇలాంటి మంగళవారాల్లోనే తెలుస్తుంది. వెంకటేశ్ నీలం పాసు చొక్కా జేబులో ఉండింది. ఆసుపత్రిలో కత్తిరించి తీసేసిన చొక్కాను "జాగ్రత్త పెడతాం" అని నాగేంద్ర మనిషి పట్టుకుపోయాడు.

వెంకటేశ్ భార్య భారతి ఆ లేఅవుట్‌లోనే నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. గేటులోకి ఆమెను రానివ్వలేదు. పక్క సందులోకి వచ్చి, యార్డు కంచె అవతల నిలబడి పిలిచింది.

"మామా, మా ఆయప్ప ఈడ ఎన్నాళ్లు చేసినాడో నువ్వన్నా చెప్పు."

"ఎనిమిది నెలలు పాపా."

"అది నాకూ తెలుసు. నోటితో చెప్తే కాదంట. కూలీల సంఘం ఆయన అడిగినాడు, మొగమూ సైటు పేరూ కలిసి ఉండే ముక్క ఒక్కటి తేమ్మా, కేసు నేను వేయిస్తా అని. ఫోన్లో ఫోటోలు చూపిస్తే, గోడలే కదా ఉండేది, ఏ గోడైనా గోడే అంటాడా నాగేంద్రప్ప. పచ్చ కార్డు ఒకటి ఉండె. యాడో పారేసుకున్యాడంట, ఆ పొద్దు తిట్లు కూడా తినొచ్చినాడు."

పెద్దమునియప్ప కంచె తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఆకుపచ్చ పాసు వెంకటేశ్ పారేసుకోలేదు. ఏప్రిల్‌లో తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "గుండీలు గిండీలు నాకొద్దు మామా. నా ఫోటో పెట్టు. ఇంత పెద్ద బిల్డింగులో నా మొగం యాడన్నా ఒక తావ ఉండనీ." ఆయన దాన్ని పద్ధతి ప్రకారం మొహం లోపలికి తిప్పి, ఎడమవైపు పక్కటెముకల దగ్గర నాలుగు ముళ్లతో బిగించి, పైన సిమెంటు పాలు పోశాడు. అది అక్కడ ఉందని వెంకటేశ్‌కూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. వెంకటేశ్ మందుల మత్తులో ఉన్నాడు.

భారతి తల వెనక, రెండో అంతస్తు దగ్గర, బొమ్మ గాలికి కొద్దిగా తిరిగింది.

"చూస్తాలే పాపా," అన్నాడు.

"ఏం చూస్తావు మామా? కమ్ములు చూస్తావు," అని భారతి వెళ్లిపోయింది. ఇంకో ఇంట్లో అంట్లు ఉన్నాయి.

ఆయన చెప్పలేదు. బుధవారం చెప్పలేదు, గురువారం ఆమె మళ్లీ వచ్చి కంచె దగ్గర నిలబడితే అప్పుడూ చెప్పలేదు. నాగేంద్ర అంటే భయం లేక కాదు. కానీ అది పాత భయం, ఒంటికి పట్టిపోయింది. కొత్తది ఇత్తడి పలక. ఎద పగలగొడితే బొమ్మ మిగలదు. సిమెంటు పాలు గట్టిపడి జాలీ, సంచి, వస్తువులు అన్నీ ఒకే పలకగా అయిపోయాయి. ఒకచోట ఉలి పెడితే నుదుటి మడతల దాకా పగులు పోతుంది. మళ్లీ కట్టడానికి చేతులు లేవు. వేరే దారి ఏదైనా దొరక్కపోతుందా, ఆ చొక్కా ఎక్కడైనా బయటపడకపోతుందా అని తనకు తనే చెప్పుకున్నాడు. చెప్పుకునేకొద్దీ ఒళ్లు బరువెక్కింది. కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గంగమ్మకు ఫోను చేశాడు.

"ఏమప్పా, ఈ పొద్దు ఆదివారం కాదే?"

"సుమ్నే చేసినా."

"సుమ్నే చేసే మనిషివా నువ్వు. వేళ్లు నొస్తాండాయా?"

ఆయన అంతా చెప్పాడు. అవతల కుక్కర్ రెండు కూతలు వేసింది.

"ఆ పాపకు చెప్పినావా?"

"లేదు."

"యాల?"

"తీస్తే బొమ్మ పోతాది గంగమ్మా. ఇది నిలబడతాది అన్యారు. అద్దాల పెట్లో."

"ఇరవైఎనిమిది బొమ్మలు కసువు లారీ ఎక్కినాయి. అప్పుడు లేని ఏడుపు ఇప్పుడు యాల?"

"అవి ఎక్కినాయి కాబట్టే."

గంగమ్మ అంది, "అద్దాల పెట్లో నా గాజు ముక్క ఉంటాది. బాగుంది. చూసేదానికి నన్ను లోపలికి ఇడుస్తారా? ఆ పొద్దు కోరమంగళలో ఇడిచినారా?"

పదేళ్ల కిందట కోరమంగళలో తాను కమ్మి కట్టిన భవనం చూపిద్దామని ఆమెను ఆదివారం పూట తీసుకుపోయాడు. పట్టుచీర కట్టుకుని వచ్చింది. గేటు దగ్గర కాపలావాడు ఎవరి ఫ్లాటుకు పోవాలని అడిగాడు. ఎవరి ఫ్లాటుకూ కాదు, నేనే కట్టినా అంటే నవ్వి, ఎండలో నిలబడవద్దు, అడ్డం, అన్నాడు. ఇద్దరూ రోడ్డుకు అవతల చెరుకురసం తాగి తిరిగొచ్చారు. ఆ సంగతి ఆమె ఇన్నేళ్లూ ఎత్తలేదు.

"కుక్కర్ మాడతాండాది," అని గంగమ్మ ఫోను పెట్టేసింది.

శనివారం పదిన్నరకు, అందరూ టీ కోసం కిందికి దిగినప్పుడు, పెద్దమునియప్ప నిచ్చెన మోసుకొచ్చి బాల్కనీ కింద వేశాడు. మొదట చూసింది ఆవులప్ప. తాళ్లకు వేలాడి బయటి గోడలకు రంగు వేసే ఆరుగురిలో పెద్దవాడు, నోరున్నవాడు.

"ఏమన్నా, దుమ్ము దులపతావా?"

"దించతాండా."

టీ గ్లాసులు ఆగాయి.

"దించేదేందన్నా? పని అయ్యేదాకా ముట్టకూడదని చెప్పింది నువ్వే కదా!"

"నేనే."

"ఇంగా పదైదు రోజుల పని ఉండాది మాకు, తాళ్ల మీద. మాకేమన్నా అయితే? ఇంట్లో పిల్లోళ్లు ఉండారన్నా." ఆవులప్ప గొంతులో వెటకారం లేదు. నిజంగానే భయపడ్డాడు. వెనకున్న ఐదుగురూ ముందుకొచ్చి నిచ్చెన చుట్టూ నిలబడ్డారు.

పెద్దమునియప్ప నిచ్చెన మీద చెయ్యి పెట్టి వాళ్ల వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లుగా తాను చెప్పిన మాట, ఇన్ని సైటుల్లో ఇందరు నమ్మిన మాట. దాన్ని తన నోటితోనే తీసేయాలి.

"వెంకటేశు ఎప్పుడు పడినాడప్పా? బొమ్మ ఉండంగానే పడినాడు కదా. చెక్క పుచ్చిపోయి ఉండె. బెల్టులు మూడే ఉండె. వల చినిగి ఉండె. అదంతా మనకు తెలుసు. తెలిసీ బొమ్మ ఉండాదిలే అనుకుంటిమి. నేనూ అనుకుంటి." ఊపిరి తీసుకున్నాడు. "వాని పచ్చ కార్డు ఈడ లోపల ఉండాది. ఆ పాప నాలుగు రోజులుగా తిరగతాంటే నోరు మూసుకోని కూచున్నా. ఇంగ నా చేత కాదు."

ఆవులప్ప గ్లాసులో టీ కింద పారబోసి నిచ్చెన కాళ్లు పట్టుకున్నాడు. "ఎక్కు. ఆ వేళ్లతో పైన తాడు ఇప్పేదానికి రాదు నీకు. కోసెయ్యి."

కోశాడు. ఈసారి తాడు కోసిన చెయ్యి ఆయనదే. బొమ్మను నలుగురు పట్టుకుని ఇసుక మీద పడుకోబెట్టారు. ఉలి ఎడమ పక్కటెముకల దగ్గర పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టాడు. మూడో దెబ్బకే పగులు ఆయన అనుకున్న దారిలోనే పోయింది, ఎద మీదుగా, గొంతు పక్కగా, నుదుటికి. మూడు మడతలూ పెంకులై ఇసుకలో పడ్డాయి. ఆయన వాటి వైపు చూడలేదు. కొక్కెంతో ముళ్లు ఒక్కొక్కటీ విప్పాడు.

పాసు వచ్చింది. ఒక మూల నీళ్లు దిగి ముద్ర చెదిరింది. మొహం లోపలికి తిరిగి ఉండటం వల్ల మొహం మాత్రం ఏమీ కాలేదు. వెంకటేశ్ ఫోటో, పేరు, సైటు పేరు, జనవరి నుంచి మార్చి దాకా అని తేదీ. దిష్టి తగలకూడదని తిప్పిన మొహం వాన తగలకుండా బతికింది. దాని గురించి ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. సంచి ముక్కతో తుడిచి, తన చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు ఆవులప్ప. "నాది పసుపుది ఉండల్ల. కుడిపక్క."

"నీదీ కార్డేనా? నువ్వు బ్రష్షు కదా ఇచ్చింది?"

"బ్రష్షు పిడి లోపల చుట్టి పెట్టినా. ఆ నాగేంద్రప్పకు తిరిగి ఇచ్చేదానికి బుద్ధి కాలా. నా ఫోటో, వాడు యాల చించల్ల?"

ఇంకొకడు ముందుకు వచ్చాడు. తరువాత ఇటుకలు మోసే ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లూ ఇచ్చిన వస్తువుల్లో అట్లాగే దాచారట. మొత్తం ఐదు పాసులు తేలాయి. పాసులు లేనివాళ్లు కూడా ఊరుకోలేదు. నా గుండీ, నా మెట్టె, నా తాపీ పిడి అని అడిగారు. అవి ఎందుకూ పనికిరావు. అయినా అడిగారు. ఆయన ఒక్కొక్క ముడీ విప్పి ఎవరిది వాళ్లకు ఇచ్చాడు. ఏది ఎవరిదో ఆయనకు అన్నీ గుర్తున్నాయి.

కంచె దగ్గరికి పిలిపిస్తే భారతి చేతులు తడిగానే వచ్చింది. పాసు తీసుకుని ఫోటో వైపు చూసింది. "ఇన్నాళ్లూ యాడుండె మామా ఇది?"

"నా కాడే ఉండె."

ఆమె ఆయనను ఒక్కసారి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది ఆయనకు. పాసును జాకెట్టు లోపల పెట్టుకుని, బస్‌స్టాపు వైపు పరుగులాంటి నడకతో పోయింది.

నాగేంద్ర వచ్చేసరికి పదకొండున్నర. ఇసుక మీద పెంకులు, కడ్డీల అస్థిపంజరం, చుట్టూ మనుషులు.

"ఏం నాటకమప్పా ఇది? ఎవురు దించమన్యారు?" అప్పుడు వాళ్ల చేతుల్లోని రంగు కార్డులు చూశాడు. గొంతు మారింది. "అవి ఆఫీసువి. పాతవి. ఇటియ్యండి."

ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వం అని కూడా అనలేదు. ఆవులప్ప కార్డును టోపీ కింద పెట్టుకున్నాడు. ఆడవాళ్లు కొంగుకు ముడేసుకున్నారు.

"నువ్వు రేపట్నుంచి రావద్దు తాతా," అన్నాడు నాగేంద్ర.

"రేపు ఆదివారం," అన్నాడు పెద్దమునియప్ప.

"సోమవారం కూడా."

మధ్యాహ్నం ఆశ వచ్చింది. చేతిలో ఇత్తడి పలక నమూనా అట్ట ఉంది. బొమ్మను చూసి అది కింద పెట్టేసింది.

"అంకుల్... ఏం చేశారు?"

చెప్పాడు. ఆ అమ్మాయి మంచిదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కడ్డీల ఫ్రేము చుట్టూ రెండుసార్లు నడిచి, తుడుచుకుని అంది, "ఇలా కూడా పెట్టొచ్చు అంకుల్. ఇంకా పవర్‌ఫుల్‌గా ఉంది. ఖాళీ ఎద... పక్కన ఈ స్టోరీ రాద్దాం."

"అంతా రాస్తారా పాపా? చెక్క పుచ్చినేది, బెల్టులు లేనిది, వాడు మా మనిషే కాదన్నేది?"

ఆశ తన బూట్ల వైపు చూసుకుంది. "అది... మేనేజ్‌మెంట్‌ను అడగాలి."

"అడగండి," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపానికి కావలసినంత బలం ఆ రోజు ఆయన దగ్గర మిగల్లేదు. అస్థిపంజరాన్ని నడుము దగ్గర రెండుగా మడిచి, తాడుతో కట్టి, భుజాన వేసుకున్నాడు. రేకుల గదిలోని రెండు చొక్కాలూ టిఫిను డబ్బానూ సంచిలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు సంచి తెరిపించి, భుజం మీది కట్ట దింపించి చూశాడు, కడ్డీలు దొంగిలించి తీసుకుపోతున్నాడేమోనని. వంకరటింకర ముక్కలు చూసి పొమ్మన్నాడు.

బస్సులో కండక్టరు "ఏనప్పా అదు?" అన్నాడు. కమ్మి సామాను అన్నాడు ఆయన. దానికీ టికెట్టు కొట్టాడు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సు ముప్పావుగంట కదల్లేదు. అక్కడ ఉండగానే భారతి ఫోను వచ్చింది. సంఘం ఆయన పాసు చూశాడు, ఫోటో తీసుకున్నాడు, లేబరు ఆఫీసుకు సోమవారం రమ్మన్నారు. అక్కడి ఆఫీసరు సోమవారం ఉంటాడో లేడో తెలియదట. "సాక్షిగా వస్తావా మామా?" అని అడిగింది. వస్తానన్నాడు. సోమవారం పని లేదు కదా.

హొసకోటె చేరేసరికి సాయంత్రం దీపాల వేళ. గంగమ్మ గడపలో నిలబడి భుజం మీది సామానును చూసింది.

"దీన్ని యాడ పెడతావు? ఇంట్లో నాకే తావు లేదు."

ఆయన దాన్ని గోడకు ఆనించి, పక్కనే చతికిలబడ్డాడు. కాళ్లు చాపడానికి కూడా ఓపిక లేదు. గంగమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చి, వంగి ఫ్రేమును చేత్తో తడిమింది. గొంతు దగ్గర ఆకుపచ్చ గాజు ముక్క ఇంకా కట్టినట్టే ఉంది.

"అందరివీ తీసిచ్చినావు. నాది?"

"నువ్వు అడగలేదు కదా."

"ఇప్పుడు అడగతాండా."

ఆయన కొక్కెం కోసం జేబులో వెదికాడు. దొరికింది కానీ వేళ్లు దాని చుట్టూ మూసుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రేపు తీస్తాలే."

"రేపు తియ్యి, ఎల్లుండి తియ్యి. పనికి పోవల్లనా ఎల్లుండి?"

"లేదు. లేబరాఫీసుకు పోవల్ల."

గంగమ్మ లోపలికి పోయి ముద్ద కలపడం మొదలుపెట్టింది.